బెనోకి మైకు ఊరికే దొరకలేదు

ఆస్ట్రేలియా మాజీ క్రికెట్ కెప్టెన్, టీవీ కామెంటేటర్ రిచీ బెనో మీద మీ వ్యాసం బాగుంది, కానీ పెద్ద కెప్టెన్ కాబట్టి మైకు దానంతటదే చేతికొచ్చింది అన్నట్టు ఒక్క వాక్యంలో తేల్చేయడం అన్యాయం. 1956లో ఇంగ్లాండ్ టూర్ అయిపోయాక ఆయన లండన్‌లోనే ఆగి బీబీసీలో టీవీ శిక్షణ తీసుకున్నాడు, అప్పటికి కెప్టెన్ కూడా కాలేదు. సిడ్నీలో ఒక పత్రికకి క్రైమ్ వార్తలు కూడా రాశాడు. కామెంటరీలో పొదుపుగా మాట్లాడే అలవాటు ఆయనకి అక్కడే వచ్చిందేమో అని నాకు గట్టిగా అనిపిస్తుంది. తెరమీద కనిపించేదాన్ని మళ్లీ చెప్పేవాడు కాదు, దానికి కలిపేది ఏదైనా ఉంటేనే నోరు తెరిచేవాడు.

అలాగని మెత్తని మనిషీ కాదు. 1981లో ఆస్ట్రేలియా కెప్టెన్ గ్రెగ్ చాపెల్ తన తమ్ముడు ట్రెవర్ చేత న్యూజిలాండ్ మీద ఆఖరి బంతిని, సిక్స్ కొట్టే వీల్లేకుండా, నేలమీద దొర్లించినప్పుడు, అది సిగ్గుచేటు అని ఛానల్ నైన్‌లో మొహమాటం లేకుండా అనేశాడు, తన దేశపు జట్టే అయినా సరే.

ఇక 2005 యాషెస్ (ఇంగ్లాండ్, ఆస్ట్రేలియా టెస్ట్ సిరీస్), లండన్ ఓవల్ మైదానం. ఇంగ్లాండ్ టీవీలో ఆయన ఆఖరి కామెంటరీ. వీడ్కోలు మాటలు సగంలో ఉండగానే ఆస్ట్రేలియా బౌలర్ మెక్‌గ్రాత్ బంతికి ఇంగ్లాండ్ బ్యాటర్ పీటర్సన్ 158 దగ్గర బౌల్డ్. బెనో తన మాట పక్కన పెట్టి వికెట్ గురించి చెప్పి, ఆ ఇన్నింగ్స్‌ని మెచ్చుకున్నాడు. వ్యాసంలో ఇది లేకపోవడమే నాకు పెద్ద లోటు, వీలైతే చేర్చండి.