పేరు కాదండీ, పేరా!

పై ఇంటివాళ్ళకి నాన్న ఉత్తరం రాశారు. రాసినవారు ఊరుకోకుండా అమ్మ చేతికిచ్చి చదవమన్నారు. ఆయన ఉత్తరంలో విషయం దొరకాలంటే టార్చిలైటు కావాలని ఆవిడ నమ్మకం.

అమ్మ: ఏవండీ, పన్నెండో వరుస దగ్గర పేరా మార్చండి.

నాన్న: పేరు మార్చాలా? ఈ వయసులోనా?

అమ్మ: పేరు కాదండీ...

నాన్న: మా తాతగారు ఏరికోరి పెట్టిన పేరు! మీ పుట్టింటివాళ్ళకి మొదట్నుంచీ నచ్చలేదులే.

అమ్మ: మావాళ్ళు పేరు కనుక్కున్నారు, చెవుల సంగతే కనుక్కోలేదు. పే... రా! చివర్లో దీర్ఘం!

నాన్న: రా అంటున్నావా? మొగుణ్ణి?

అమ్మ: ఖర్మ! రెండు పేజీలూ ఒకటే ముద్ద. చదివేవాడు ఊపిరెక్కడ పీల్చుకోవాలి? గ్రీకులైతే మాట మారినచోట పక్కన చిన్న గీత గీసేవారట. దాన్ని పారాగ్రాఫోస్ అనేవారు. మన పేరా అక్కణ్ణించే వచ్చింది.

నాన్న: గీతేగా, ఇలా తే.

(లాక్కుని గీశారు. పేజీ చుట్టూ. కింద ఇంకేదో కూడా గీకి తిరిగిచ్చారు.)

అమ్మ: పేరాకి ఒక్క సంగతే ఉండాలి. అదేదో మొదటి వాక్యంలో చెప్పేస్తే మిగతావి దాన్ని పట్టుకుని నడుస్తాయి. మీరేమో పదకొండు వరుసలు క్షేమమడిగి, పన్నెండో వరుసలో నీళ్ళు కారుతున్నాయన్నారు.

నాన్న: మర్యాద ఉండద్దూ?

అమ్మ: సరే, ఇది వినండి. 'మా వంటింట్లోకి మీ నీళ్ళు కారుతున్నాయి, మీ అమ్మాయి సంగీతం కూడా బాగా వినిపిస్తోంది, దయచేసి అది వెంటనే ఆపించండి.' ఏది ఆపించాలి?

నాన్న: నీళ్ళు!

అమ్మ: 'అది'కి దగ్గరగా ఉన్నది సంగీతం. నీళ్ళయితే 'అవి' అనాలి. ఆ పిల్ల ఇంక మన మొహం చూస్తుందా?

నాన్న: రెండూ ఆగినా నాకు అభ్యంతరం లేదు.

అమ్మ: అయితే రెండు పేరాలు రాయండి.

(ఇక్కడ అమ్మ గొంతు ఆగింది. ఇంతసేపు ఆగడం ఈ మధ్య నేను వినలేదు.)

నాన్న: ఏమైంది? మళ్ళీ నా పేరేనా?

అమ్మ: సంగీతానికీ నమస్కారాలకీ మధ్య ఇదేమిటి ఇరికించారు? 'నేలంతా తడి, మా ఆవిడ జారిపడుతుందేమోనని రాత్రి రెండుసార్లు లేచి తుడుస్తున్నాను.'

నాన్న: అక్కడ కాస్త జాగా ఉంటే రాశాను.

అమ్మ: దీనికో పేరా ఇవ్వండి. మొట్టమొదట.

నాన్న: ఇస్తాలే. నీ మొదటి మాట కూడా తీసెయ్యలేదు. కింద చూడు.

అమ్మ: సంతకం దగ్గర నా పేరుందేమిటి?

నాన్న: మార్చమన్నావుగా.

అమ్మ: అంటే 'మా ఆవిడ' అంటున్నది నేనా? నాకో ఆవిడా?

నాన్న: దానికింకో పేరా రాయమంటావా?