ఆర్1 అనే పేరు ఎవరిది?

వాదాంశం: వేర్వేరు రంగాల యంత్రాలకు గానీ, ఒకే సంస్థ వేర్వేరు కాలాల్లో తయారుచేసిన యంత్రాలకు గానీ ఒకే పొట్టి మోడల్ పేరు ఉండడం తయారీదారుల నిర్లక్ష్యానికి గుర్తు. ఈ మాటను సమర్థిస్తున్న వాది పాత యంత్రాలను భద్రపరిచే ప్రదర్శనశాలలో పట్టికలు రాసేవారు. ఖండిస్తున్న ప్రతివాది యంత్రాల రూపకల్పనలో పనిచేసేవారు.

వాది: ముందుగా మూడు యంత్రాలను సభ ముందుంచుతాను. ఒకటి, 1998లో యమహా విడుదల చేసిన వైజెడ్‌ఎఫ్-ఆర్1 అనే స్పోర్ట్ మోటార్‌సైకిల్. రెండోది, 2005లో సోనీ తెచ్చిన డీఎస్‌సీ-ఆర్1 అనే డిజిటల్ కెమెరా. మూడోది, అమెరికాలోని హ్యూస్టన్‌లో రైస్ విశ్వవిద్యాలయం 1958–61 మధ్య సొంతంగా నిర్మించుకుని, 1971 దాకా అట్టిపెట్టుకున్న కంప్యూటర్. దాన్ని కూడా ఆర్1 అనే పిలిచేవారు. ఇవి చాలవన్నట్టు 2024లో కెనాన్ తన అగ్రశ్రేణి కెమెరాకు ఈఓఎస్ ఆర్1 అని పేరు పెట్టింది. పైన "ఆర్1" అని మాత్రమే రాసి ఉన్న పాత కాగితం ఒకటి నా బల్ల మీదికి వచ్చిందనుకోండి, అది పిస్టన్ల గురించో, లెన్సుల గురించో, వాక్యూమ్ ట్యూబుల గురించో తేల్చుకోవడానికి నేను దాన్ని ఆసాంతం చదవాలి. ఏళ్ల తరబడి శ్రమించి ఒక యంత్రాన్ని రూపొందించినవారు, పేరు దగ్గరకు వచ్చేసరికి ఒక అక్షరంతో, ఒక అంకెతో సరిపెట్టుకోవడాన్ని నిర్లక్ష్యం అనక ఏమనాలి?

ప్రతివాది: ఆసాంతం ఎందుకండీ, ఒక్క వాక్యం చాలదూ? నాలుగు సిలిండర్లు, సిలిండరుకు ఐదేసి వాల్వులు, 998 సీసీ అని కనబడితే అది కెమెరా అని ఎవరూ పొరబడరు. ఒక్కో పదానికి, అంటే కంప్యూటర్ ఒకేసారి పట్టుకునే సమాచారపు ముక్కకు, 54 బిట్లు అని కనబడితే దాని మీద ఎక్కి షికారు పోవచ్చని ఎవరూ అనుకోరు. మోడల్ పేరు ఒంటరిగా నిలబడడానికి పుట్టిన మాట కాదు. దాని ముందు సంస్థ పేరు ఇంటిపేరులా ఉంటుంది, చుట్టూ తోబుట్టువులుంటాయి. ఇంటిపేర్లు వేరైనప్పుడు ఇద్దరికి ఒకే పేరుంటే తల్లిదండ్రులను నిర్లక్ష్యపరులని ఎవరూ నిందించరు కదా.

వాది: తోబుట్టువుల మాట మీరే ఎత్తారు కాబట్టి యమహా, కెనాన్ కుటుంబాలను పక్కపక్కన నిలబెట్టి చూద్దాం. యమహాలో ఆర్1, ఆర్3, ఆర్6, ఆర్7 ఉన్నాయి. కెనాన్‌లోనూ ఆర్1, ఆర్3, ఆర్6, ఆర్7 ఉన్నాయి. యమహాలో అంకె ఇంజిన్ పరిమాణానికి సూచన: ఆర్3లో 321 సీసీ, ఆర్6లో 599 సీసీ, కాబట్టి అంకె పెరిగితే ఇంజిన్ పెరుగుతుంది, ఒక్క ఆర్1 దగ్గర మాత్రం 1 అంటే వెయ్యి అని మనమే అర్థం చేసుకోవాలి. కెనాన్‌లో దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ అంకె తగ్గినకొద్దీ కెమెరా స్థాయి పెరుగుతుంది. ఆర్6 కన్నా ఆర్7 పెద్దదన్న వాక్యం ఒక అంగడిలో నిజం, పక్క అంగడిలో అబద్ధం. అంకె కుటుంబంలో స్థానాన్ని చెబుతుందని మీరు అనబోతున్నారని నాకు తెలుసు. ఏ వైపు నుంచి లెక్కపెట్టాలో చెప్పని అంకె ఏ స్థానాన్ని చెబుతుంది?

ప్రతివాది: అది విచిత్రమని ఒప్పుకుంటాను, నష్టమని ఒప్పుకోను. మోటార్‌సైకిల్ కొనబోయి పొరపాటున కెమెరా కొన్నవారు లేరు. నష్టం జరిగే చోట చట్టం ఎలాగూ అడ్డు వస్తుంది. ట్రేడ్‌మార్కుల నమోదు కోసం 1957 నాటి నీస్ ఒప్పందం నుంచి వచ్చిన అంతర్జాతీయ వర్గీకరణలో వస్తువులు, సేవలు కలిపి ఇప్పుడు 45 తరగతులున్నాయి. మోటార్‌సైకిళ్లు 12వ తరగతిలో, కెమెరాలు 9వ తరగతిలో నమోదవుతాయి. ఒకే రంగంలో పేరు తగిలినప్పుడు ఏమవుతుందో పోర్షే ఉదంతం చెబుతుంది. 1963 ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో ఆ సంస్థ తన కొత్త కారును 901 అని చూపించింది. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్ల మీద ఫ్రాన్స్‌లో తనకు హక్కు ఉందని అక్కడి కార్ల సంస్థ ప్యూజో అభ్యంతరం చెప్పింది. మరుసటి ఏడాదికల్లా ఆ కారు 911 అయింది. అడ్డు రావలసిన చోట అడ్డు వచ్చింది. అడ్డు రాని చోట రావలసిన అవసరమే లేదు.

వాది: మీరు సగమే చెప్పి ఆగారు. 9వ తరగతిలో కెమెరాలే కాదు, కంప్యూటర్లూ ఉన్నాయి. అంటే మోటార్‌సైకిల్‌ను పక్కన పెట్టినా, మిగిలిన మూడు ఆర్1లను మీ వర్గీకరణ ఒకే గదిలో కూర్చోబెడుతోంది. అయినా ట్రేడ్‌మార్కు చట్టం కాపాడేది ప్రధానంగా అమ్మేవాడిని, ఆ తరవాత కొనేవాడిని. అమ్మకాలు ముగిసిన ముప్పై ఏళ్ల తరవాత ఆ వస్తువు గురించి చదివేవాడి గోడు ఏ చట్టానికీ పట్టదు, నేను మాట్లాడుతున్నది అతని తరఫున. పైగా అంకెలకు ఆ రక్షణ కూడా గట్టిది కాదు. 386 అనే అంకెను తన సొంతం చేసుకోవాలని ఇంటెల్ చూస్తే, అది ఒక రకం చిప్పులకు సాధారణ నామం అయిపోయిందని 1991లో అమెరికా న్యాయస్థానం తేల్చింది. 1993లో వచ్చిన తరవాతి చిప్పుకు 586 అనే అంకె దక్కలేదు, పెంటియం అనే పేరు దక్కింది. సొంత పేరు పెట్టుకోవడం అంత అసాధ్యమేమీ కాదన్నమాట.

ప్రతివాది: అసాధ్యం కాదు, అన్నిసార్లూ అవసరం కాదు అంటున్నాను. పోటీదారు అదే అంకె వాడుతున్నాడు కాబట్టి ఇంటెల్‌కు అవసరం పడింది. సోనీ ఆర్1ను చూడండి. లెన్సుకూ సెన్సరుకూ మధ్య అద్దం లేని నిర్మాణం వల్ల లెన్సు చివరి గాజును 21.5 × 14.4 మిల్లీమీటర్ల సెన్సరుకు సుమారు రెండు మిల్లీమీటర్ల దూరం దాకా తీసుకువచ్చిన కెమెరా అది. తెరను వీపు మీద కాక నెత్తిన పెట్టుకున్న కెమెరా కూడా. అలాంటి వస్తువును ఒకసారి చేతిలో పట్టుకున్నవారు పేరు చూసి గుర్తుపడతారా, రూపం చూసి గుర్తుపడతారా? ఇక మీరు చెప్పే ముప్పై ఏళ్ల తరవాతి పాఠకుడి సంగతి. ఆ కెమెరాతో తీసిన ప్రతి ఫొటో ఫైలులోనూ తయారీ సంస్థకు ఒక గడి, మోడల్‌కు వేరే గడి ఉన్నాయి. ఫొటో చెక్కుచెదరకుండా చేరితే ఇంటిపేరు కూడా దానితోనే చేరుతుంది. యంత్రం తన పేరు తాను పూర్తిగానే రాసుకుంటోంది, కత్తిరిస్తున్నది మనం.

వాది: కత్తిరించడానికి వీలుగా పేరు పెట్టినవారు ఎవరు? సరే, పేరు కలవడాన్ని తేలిగ్గా తీసుకోలేకపోయిన ఒక నిర్మాత కథ చెబుతాను. జర్మనీకి చెందిన కొన్రాడ్ జూజా 1936–38 మధ్య బెర్లిన్‌లో తల్లిదండ్రుల ఇంట్లోనే పలుచని లోహపు రేకులను ఒకదాని మీద ఒకటి పేర్చి, ద్వియాంశ పద్ధతిలో లెక్కించే యాంత్రిక కంప్యూటర్‌ను కట్టాడు. ప్రయోగ నమూనా అనే అర్థంలో ఆయన దాన్ని వీ1 అన్నాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అదే పేరుతో ఎగిరే బాంబు లండన్ మీద పడింది. యుద్ధం తరవాత ఆయన తన యంత్రాలన్నిటికీ తన ఇంటిపేరులోని మొదటి అక్షరం పెట్టి జెడ్1, జెడ్2 అని పేర్లు మార్చుకున్నాడు. గణకయంత్రానికీ బాంబుకూ పొంతన లేదు, మీ లెక్కలో ఇంటిపేర్లూ వేరే. అయినా ఆ పేరు మోయలేకపోయాడు.

ప్రతివాది: ఈ కథ మీకన్నా నాకే ఎక్కువ పనికి వస్తుంది. ఆయన మార్చింది పేరు కలిసినందుకు కాదు, కలిసిన పేరు మీద రక్తం ఉన్నందుకు. మార్చి పెట్టుకున్న జెడ్1 పేరు ఆ తరవాత ఒంటరిగా ఉందా? 1972లో కవాసాకి 903 సీసీ నాలుగు సిలిండర్ల మోటార్‌సైకిల్‌కు జెడ్1 అని పెట్టింది. 2003లో మినోల్టా పది రెట్ల జూమ్ ఉన్న డిజిటల్ కెమెరాకు డైమేజ్ జెడ్1 అని పెట్టింది. మీ ఆర్1ల మాదిరిగానే బండి, కెమెరా, కంప్యూటర్ మళ్లీ ఒక పేరు కింద చేరాయి, ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. చెప్పాలంటే, జూజా యంత్రం ఆదేశాలను చదువుకున్నది రంధ్రాలు చేసిన సెల్యులాయిడ్ ఫిల్ము నుంచి, కాబట్టి కంప్యూటర్‌కూ కెమెరాకూ అక్కడ పేరుకన్నా దగ్గరి చుట్టరికమే ఉంది. ఇంకో మాట. అది పనిచేసిన కాలంలో దాన్ని జెడ్1 అన్నవారు ఒక్కరూ లేరు, ఎందుకంటే 1943లో బాంబుదాడిలో అది ధ్వంసమయ్యేనాటికి ఆ పేరే పుట్టలేదు. పేరు లేకుండానే చరిత్రకెక్కిన యంత్రం అది.

వాది: పేరు లేకుండా కాదు, వేరే పేరుతో. అయినా రంగాలు వేరైనప్పుడు సందర్భమే దారి చూపుతుందన్న మీ మాటకు నేను గట్టిగా ఎదురు చెప్పలేకపోతున్నాను. వాదాంశంలోని మొదటి సగాన్ని ఉపసంహరించుకుంటాను. రెండో సగాన్ని మాత్రం వదలను, ఎందుకంటే నా అసలు తగాదా అక్కడే ఉంది. 1999లో యమహా వైజెడ్‌ఎఫ్-ఆర్7 తెచ్చింది. అది 749 సీసీ, నాలుగు సిలిండర్లు, వరల్డ్ సూపర్‌బైక్ పోటీల్లో పాల్గొనడానికి నిబంధనల ప్రకారం 500 మాత్రమే తయారుచేసిన బండి. 2021లో అదే యమహా మళ్లీ వైజెడ్‌ఎఫ్-ఆర్7 తెచ్చింది. ఇది 689 సీసీ, రెండే సిలిండర్లు, ఎంటీ-07 అనే రోడ్డు బండి ఇంజిన్‌తో అందరికీ అందుబాటులో ఉండేలా చేసిన బండి. ఇంటిపేరు ఒకటే, పేరు ఒకటే, రంగం ఒకటే. ఒక్క బోల్టు కూడా కలవని రెండు యంత్రాలకు... సరే, బోల్టు మాట అతిశయోక్తి అనుకోండి, ఇంజిన్లో ఒక్క పిస్టన్ కూడా కలవని రెండు యంత్రాలకు పూర్తి పేరు అక్షరం పొల్లుపోకుండా కలిసింది. ఇక్కడ మీ సందర్భం ఏం దారి చూపుతుంది?

ప్రతివాది: ఇందాక అంకె ఇంజిన్ పరిమాణమని చెప్పింది మీరే. ఏడువందల పై చిలుకు సీసీ ఒకటి, ఏడువందలకు కాస్త తక్కువ ఒకటి. ఆ పద్ధతిలో రెండూ ఆర్7లే. పాత బండిని ఆరాధించేవారికి కొత్తదాని మీద అదే పేరు చూస్తే మనసు చివుక్కుమనడం సహజమే. కానీ ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న స్థానాన్ని 500 బండ్ల జ్ఞాపకం కోసం ఎప్పటికీ తాళం వేసి ఉంచమనడం రూపశిల్పికి న్యాయం కాదు. 1998 నాటి ఆర్1 విషయమే తీసుకోండి. గేర్‌బాక్స్ షాఫ్టులను ఒకదాని మీద ఒకటి వచ్చేలా అమర్చి ఇంజిన్ పొడవు తగ్గించి, అలా మిగిలిన జాగాలో వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్‌ఆర్మ్‌ను పొడవుగా పెట్టిన బండి అది. 2009లో క్రాంక్‌షాఫ్ట్ అమరిక మారి ఇంజిన్ చప్పుడే వేరైపోయింది. అయినా అది ఆర్1గానే కొనసాగింది, దాన్ని మీరు తప్పుపట్టలేదు. యంత్రం కొంచెం కొంచెంగా మారితే పేరు ఉండవచ్చు, ఒక్కసారిగా మారితే ఉండకూడదు అన్న గీతను ఎక్కడ గీస్తారు?

వాది: గీత నేను గీయనక్కర్లేదు, యమహాయే గీసి పెట్టుకుంది. 1998 ఆర్1కు సంస్థ లోపలి మోడల్ సంకేతం 4ఎక్స్‌వీ. 1999 ఆర్7కు ఓడబ్ల్యూ02. విడిభాగాల సంఖ్యలు మొదలయ్యేది 4ఎక్స్‌వీ లాంటి సంకేతంతోనే, అది ఆ భాగం మొదట ఏ బండి కోసం పుట్టిందో చెబుతుంది. ఆర్7 క్లచ్ ప్లేట్లు కావాలని అడిగితే, విడిభాగాల కౌంటరు వెనక ఉన్నవారు వెంటనే ఏ సంవత్సరం బండి అని ఎదురు అడుగుతారు. పేరు చాలదని సంస్థకు తెలుసు, అందుకే తన అవసరానికి చాలే మరో పేరు దాచుకుంది. ఆ రెండో పేరును బండి మీద గానీ ప్రకటనలో గానీ చూపించకపోవడాన్నే నేను నిర్లక్ష్యం అంటున్నాను.

ప్రతివాది: దాచుకోలేదండీ, విడిభాగాల పుస్తకం తెరిస్తే కనబడుతుంది. నోటితో పలికేందుకు ఒక పేరు, గోదాములో వెతికేందుకు ఒక సంకేతం ఉండడం శ్రమ విభజన. ఓడబ్ల్యూ02 అని ఇంధనపు ట్యాంకు మీద రాసి అమ్మమంటారా? నిజానికి ఆ పాత బండి అభిమానులు దాన్ని ఇప్పుడు ఆ సంకేతంతోనే గర్వంగా పిలుచుకుంటున్నారు. అంటే అవసరం వచ్చినప్పుడు వాడేవారే రెండో పేరును పైకి తెచ్చుకున్నారు.

వాది: అదైనా కొత్తది వచ్చాకే ఎక్కువగా అవసరపడింది. సరే, వాదాంశాన్ని ఇలా సవరిస్తాను: ఒకే సంస్థ ఒకే పేరును రెండు వేర్వేరు నమూనాలకు వాడినప్పుడు, ఆ పేరు వచ్చిన ప్రతి చోటా పక్కనే సంవత్సరం వేయాలి. దీనికైనా సమ్మతిస్తారా?

ప్రతివాది: ఏ సంవత్సరం? 2021లో బయటికి వచ్చిన ఆర్7 అమెరికాలో 2022 మోడల్‌గా అమ్ముడైంది. బెర్లిన్ సాంకేతిక ప్రదర్శనశాలలో ఉన్న జెడ్1ను జూజా స్వయంగా 1986–89లో మళ్లీ కట్టాడు. దాని పక్కన 1938 వేస్తారా, 1989 వేస్తారా?

వాది: రెండూ వేస్తాను. ఒక గడిలో నమూనా పుట్టిన ఏడాది, ఇంకో గడిలో ఆ వస్తువు తయారైన ఏడాది.

ప్రతివాది: అప్పుడు సమ్మతమే, "నిర్లక్ష్యం" అన్న మాట తీసేస్తే.

వాది: జెడ్1 విషయంలో తీసేస్తాను. ఆర్7 విషయంలో ఉంచుతాను.