వార్డుకు బీ-ఫారం ఎందుకు?

కర్నూలు పాతబస్తీలో మురుగు కాలువ పొంగినా, కొళాయికి నీళ్లు రాకున్నా, వీధి దీపం వెలగకున్నా జనం వెతికేది కార్పొరేటర్‌నే. ఈ పనుల్లో ఏ ఒక్కదానికీ జాతీయ విధానమూ, రాష్ట్ర మేనిఫెస్టో అక్కర్లేదు. అయినా ఆ కార్పొరేటర్ ఎవరన్నది తేలేది వార్డులో కాదు, బీ-ఫారం (అభ్యర్థికి పార్టీ గుర్తు దక్కేలా పార్టీ ఇచ్చే పత్రం) చేతిలో ఉన్న నాయకుడి ఇంటి వరండాలో. అక్కడ చేతులు కట్టుకుని నిలబడ్డవారిని మొదట అడిగే మాట ‘ఎంత పెట్టుకోగలవు?’. ఏ సందులో పైపు పగిలిందో తెలుసా అని అడిగేవారు అరుదు.

నగరపాలక, పురపాలక ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరగాలన్నది మా అభిప్రాయం. ఇందుకు రాజ్యాంగం అడ్డు కాదు. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ సవరణ ఈ ఎన్నికల నిర్వహణను రాష్ట్ర ఎన్నికల సంఘానికి అప్పగించింది. నియమాలు చేసుకునే అధికారాన్ని శాసనసభకు ఇచ్చింది. మన సర్పంచులు ఇప్పటికే పార్టీ గుర్తు లేకుండానే పోటీ చేస్తున్నారు. ఊరికి చెల్లిన పద్ధతి పట్నానికి ఎందుకు చెల్లదు?

గుర్తు తీసేస్తే పార్టీలు మాయమవుతాయని మేం అనుకోవడం లేదు. 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతల పంచాయతీ పోరు ముగిసిన ప్రతి రాత్రీ ‘మా మద్దతుదారులు ఇంతమంది గెలిచారు’ అని పార్టీలు లెక్కలు చెప్పుకున్నాయి. సీమలో ఇంకో తంటా కూడా ఉంది. అదే ఏడాది పులివెందుల పురపాలికలో 33 వార్డులూ ఏకగ్రీవమయ్యాయి. ఎదురు నామినేషనే నిలవని చోట గుర్తు ఉన్నా లేకున్నా ఒకటే. కానీ టికెట్ లేని చోట టికెట్ బేరమూ ఉండదు. రిటైరైన లైన్‌మన్‌కు ఉంగరం గుర్తు, కాంట్రాక్టర్ బావమరిదికి కత్తెర గుర్తు వస్తే ఇద్దరూ మనిషిగానే ఓటు అడగాలి.

అసలు గొడవ డబ్బు. పోలింగుకు ముందు రాత్రి ఏం జరుగుతుందో ఈ జిల్లాలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఓటరు జాబితా పేజీలను వీధుల వారీగా విడదీసి, పేరు పేరునా టిక్కు పెడుతూ కవర్లు పంచుతారు. ఊళ్లో లేనివారికి ఫోన్ పే. ‘ఎవరిచ్చినా తీసుకుంటాం, నచ్చినోళ్లకే వేస్తాం’ అంటారు జనం. అది నిజమే కావచ్చు. అయితే ఆ కవర్ల సొమ్ము చాలాసార్లు అభ్యర్థి జేబులోది కాదు. ఊరి చివర వెంచర్ వేసినాయనది, రోడ్ల పనులు చేసే కాంట్రాక్టర్‌ది, ఒక్కోసారి బెంగళూరులోనో హైదరాబాదులోనో కూర్చున్న వ్యాపారిది. వాళ్లెవరికీ ఆ వార్డులో ఓటు లేదు. పెట్టింది మాత్రం లేఅవుట్ అనుమతిలో, పని బిల్లులో, హంద్రీ నది గట్టు ఆక్రమణ మీద కౌన్సిల్ మౌనంలో రాబట్టుకుంటారు. ఆరు నెలలకే కంకర తేలే సిమెంటు రోడ్డుకు మూలం ఎక్కడుందో ఇక వేరే వెతకనక్కర్లేదు.

ఇచ్చినవారి పేరు బయటపడకుండా పార్టీలకు విరాళమిచ్చే ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టేసింది. పార్టీకి డబ్బెవరిస్తున్నారో తెలుసుకోవడం ఓటరు హక్కని చెప్పింది. ఢిల్లీకి వర్తించే ఆ సూత్రం కర్నూలులోని కల్లూరు వార్డుకూ వర్తించాలి. ఫలితాలు వచ్చాక ఇచ్చే ఖర్చుల లెక్క ఓటరుకు ఎందుకు పనికొస్తుంది?

ఎవరికి ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం, అంటే విప్ లేకపోతే మేయర్ ఎన్నిక రోజు కార్పొరేటర్లు అమ్ముడుపోతారన్నది గట్టి అభ్యంతరమే. అయితే విప్ ఉన్నప్పుడు సభ్యులను దూరంగా దాచిపెట్టే క్యాంపులు ఆగాయా? 2024లో ప్రభుత్వం మారాక ఎన్ని పట్టణాల్లో కౌన్సిళ్ల రంగు మారిందో చూశాం. 2021లో తాడిపత్రిలో 36 వార్డులకు టీడీపీ 18, వైసీపీ 16 గెలిచాయి. పదవి రీత్యా ఎమ్మెల్యే, ఎంపీలకు ఉండే ఎక్స్ అఫీషియో ఓట్లు కలిపాక చైర్మన్ ఎవరో తేల్చింది ఒక సీపీఐ సభ్యుడు, ఒక స్వతంత్రుడు. వార్డు గెలవని ఎమ్మెల్యే, ఎంపీల ఓట్లు ఆ కుర్చీ లెక్కలో కలవడం ఏం న్యాయమో మాకు బోధపడదు. దీనికి మందు మేయర్‌ను ఓటర్లే నేరుగా ఎన్నుకోవడం. 2002లో హైదరాబాదులో అలాగే జరిగింది.

చట్టం మారేదాకా చేతులు ముడుచుకోనక్కర్లేదు. కర్నూలు 52 డివిజన్లలో బీ-ఫారాలు ఇవ్వబోమని పార్టీలు తమంతట తామే ప్రకటించవచ్చు. ఎవరు ముందు ప్రకటిస్తారో చూస్తాం. ఎన్నికల సంఘం మాత్రం ఒక్క పని చేయాలి. పోలింగుకు కనీసం మూడు రోజుల ముందు ప్రతి అభ్యర్థికీ డబ్బిచ్చినవారి పేరు, ఊరు, మొత్తం రాసి వార్డు సచివాలయం గోడకు అంటించాలి. చిన్న అక్షరాల్లో కాదు, రేషన్ షాపు స్టాకు బోర్డంత పెద్దగా.