రిలీజు బిల్డు స్టాక్ ట్రేసు గారికి

మహారాజశ్రీ స్టాక్ ట్రేసు గారి దివ్యసముఖమునకు నమస్కరించి వ్రాయునది ఏమనగా:

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం పెద్దలు నేర్పిన మర్యాదే గాని, ప్రోగ్రాము ఎక్కడ పడిపోయిందో వరుసలవారీగా చెప్పే పత్రమైన తమరు దర్శనమిచ్చారంటేనే ఏదో ఒక వైపు కుశలం లోపించిందని అర్థం కనుక, ఆ మాటను ఈసారికి విడిచిపెడుతున్నాను.

నిన్న మధ్యాహ్నం భోజనం ముగించి చేయి కడుక్కుంటుండగా, సరుకులు చేరవేసే మా సిబ్బంది ఫోన్లలో యాప్ పదేపదే మూతపడుతోందని కబురు వచ్చింది. తమరి పత్రాన్ని తెరిచి చూస్తే నాకు బోధపడిన మాట ‘నల్ పాయింటర్ ఎక్సెప్షన్’ ఒక్కటే, అంటే ఖాళీగా ఉన్న విలువను వాడబోయి యాప్ పడిపోయిందని. దాని కింద ‘బి.సి.ఎ’, ఆ కింద ‘డి.ఎ.బి’, మరింత కింద దిక్కులేనిదానిలా ఒక ‘ఎ’. మేము మా క్లాసులకు, అంటే కోడులోని విభాగాలకు, ఇంటిపేరుతో సహా చాంతాడంత పేర్లు పెట్టి పెంచుకున్నాము. యాప్ బరువు తగ్గించే నెపంతో ఆర్8 అనే పనిముట్టు ఆ ఇంటిపేర్లు ఊడబెరికి, తలా ఒక అక్షరం అంటగట్టి పంపిస్తే, తమరు కిమ్మనకుండా ఆ అక్షరాలనే మాకు అప్పగించారు. 2019లో, అంతకు ముందు ఆ పని చేసిన ప్రోగార్డు స్థానంలోకి ఆర్8 వచ్చినప్పుడు సంబరపడినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ సంగతిని ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు.

పక్కన ‘అన్‌నోన్ సోర్స్: 14’ అని వ్రాశారు. ఆ సంఖ్యను నమ్మి ఫైలులో 14వ వరుస తెరిచి, అక్కడ వేరే కోడును తెచ్చుకునే ఒక ఇంపోర్టు తప్ప మరేమీ కనబడక తెల్లమొహం వేసినవాళ్ళు మా వృత్తిలో ఎందరో ఉన్నారు. అది వరుస సంఖ్యే కాదని, వరుసల పట్టికను బిల్డులో, అంటే కోడును యాప్‌గా తయారుచేసేటప్పుడు, తీసేస్తే ఆండ్రాయిడ్ 8 నుంచి తమరు ఆ చోట ఫోను చదివే డెక్స్ బైట్‌కోడులోని స్థానాన్ని పెడుతున్నారని తెలియడానికి నాకు మూడేళ్ళు పట్టింది. ఇంటి నంబరు అడిగితే గోడలో ఎన్నో ఇటుకో చెప్పడం ఏ ఊరి మర్యాదో సెలవిస్తే సంతోషిస్తాను.

జావా సర్వర్లలో కాపురముంటున్న తమరి సోదరులు, అదే తప్పు పదేపదే జరిగితే విసుగు పుట్టి, ఒక్క వరుస ట్రేసైనా లేకుండా ఎక్సెప్షన్ పేరు మాత్రం పడేసి పోతారు. పైథాన్ ఇంటివారు అసలు సంగతిని అట్టడుగున పెడతారు. వారితో నాకు వేరే లెక్కలున్నాయి.

ఇవన్నీ దిగమింగవచ్చు. గొంతులో అడ్డుపడుతున్నది ఒక్కటే. తమరి గూఢాక్షరాలను విప్పడానికి మ్యాపింగ్ ఫైలు అని ఒకటి ఉంటుంది. ఏ ‘ఎ’ అసలు పేరేమిటో అందులో వ్రాసి ఉంటుంది. కొత్త బిల్డు జరిగినప్పుడల్లా అది పాతదాని మీదే పడుతుంది. సిబ్బందికి చేరిన ఏపీకే, అంటే యాప్ ఫైలు, సోమవారానిది. మా బిల్డు మెషీనులో మిగిలిన మ్యాపింగ్ బుధవారానిది. మధ్యలో చేరినది ఒక చిన్న క్లాసే కదా అనుకుని తమరి పత్రాన్నీ ఆ మ్యాపింగ్‌నూ, గూఢాక్షరాలను విప్పే పనిముట్టైన రీట్రేస్‌కు అందించాను. ఇవి రెండూ ఒకే బిల్డువేనా అని ఆ పనిముట్టు మాటవరసకైనా అడగలేదు. ఒకటి రెండు చోట్ల ‘ఇది, లేదా అది’ అని నసిగినా, పై వరుసకు మాత్రం తడుముకోకుండా జవాబిచ్చింది: రసీదు ముద్రించే క్లాసు.

నమ్మాను. రసీదు కోడులో 11 చోట్ల నల్ తనిఖీలు పెట్టాను. గోదాములోని బ్లూటూత్ ప్రింటరును తెప్పించి, వరుసగా రసీదులు ముద్రించి చూశాను. కాగితం చుట్ట అయిపోయింది గాని యాప్ ఒక్కసారైనా పడిపోలేదు. అప్పటికి సాయంత్రం ఆరు దాటింది. తమరు తెలియదంటే తెలియదనుకునేవాణ్ణి. చిక్కుముడిలాగే మిగిలిపోయినా ఊరుకునేవాణ్ణి. కానీ నేనే పెట్టిన పేరును నా ముందే పలికి, ఏ పాపం ఎరుగని క్లాసును బోనులో నిలబెట్టి, 5 గంటలపాటు దాన్ని నా చేతనే కొట్టించావే, సిగ్గు లేదా నీకు? పెద్దమనిషిలా ముఖం పెట్టుకుని ఇంత అబద్ధమా?

మన్నించాలి. తమరికి.

చివరకు కోడు పాత రూపాలన్నీ దాచే గిట్‌లో సోమవారపు ట్యాగును పట్టుకుని, అదే కోడును అదే వెర్షను పనిముట్లతో మళ్ళీ బిల్డు చేశాను. మ్యాపింగ్ ఫైలు తలభాగంలో ‘పీజీ మ్యాప్ ఐడీ’ అని ఒక గుర్తు ఉంటుంది. ఏపీకే లోపలి డెక్స్‌లోనూ అదే గుర్తు ఉంటుంది. మధ్యాహ్నమే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి ఉంటే ప్రింటరుకు అంత శ్రమ ఉండేది కాదు. ఈసారి అక్షరం తేడా లేకుండా కలిశాయి. అప్పుడు బయటపడింది ‘బి.సి.ఎ’ అసలు పేరు: చిరునామాను చదివే ఫంక్షను. పిన్‌కోడు లేని చిరునామా వస్తే ఏం చేయాలో దానికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాణ్ణి నేనే, ఉగాది సెలవుకు ముందు రోజు, బస్సు వేళ ముంచుకొస్తుండగా దాన్ని వ్రాశాను.

తమరు మొదటి నుంచీ నిజమే చెబుతున్నారని, పరాయి కళ్ళజోడు పెట్టుకుని చదివినది నేనేనని ఒప్పుకోక తప్పడం లేదు. దీన్ని క్షమాపణగా భావించవద్దని మనవి.

ఇట్లు,
‘బి.సి.ఎ’ కర్త

తా.క.: ఇకపై ప్రతి ఏపీకేతో పాటు దాని మ్యాపింగ్ ఫైలును వెర్షను కోడు పేరిట వేరే చోట దాచేలా నిన్న రాత్రే బిల్డు స్క్రిప్టులో ఏర్పాటు చేశాను. ఈ ఉదయం ఆ స్క్రిప్టు పడిపోయింది. కారణం వివరిస్తూ బిల్డు నడిపే గ్రేడిల్ నుంచి తమరి బంధువొకరు చాలా పెద్ద పత్రం పంపారు. పై నుంచి కింది దాకా రెండుసార్లు చదివాను. నా స్క్రిప్టు పేరు అందులో ఎక్కడా లేదు.