అన్నీ కలిపేయండి, అడ్డెవరు?

జంటలుగా ఆడే బాల్‌రూమ్ డాన్స్ ప్రపంచంలో ఒక మహత్తర శాస్త్రం వెలిసింది. పేరు ఫ్యూజన్. వాల్ట్జ్ సరిగా రానివాడు అందులో రుంబా కలిపితే ఫ్యూజన్. రుంబా రానివాడు వాల్ట్జ్ కలిపితే అదీ ఫ్యూజనే. రెండూ రానివాడు మెడ విరిగేలా ఒక టాంగో తల విసురు చేర్చి ఏకంగా కొరియోగ్రాఫర్ అయిపోతాడు. విద్య ఇంత సులువైనప్పుడు ఏళ్ల తరబడి అద్దం ముందు మోచేతులు దించకుండా నిలబడ్డవాళ్లంతా వట్టి అమాయకులన్నమాట.

సరే, శాస్త్రం అన్నారు కాబట్టి శాస్త్రీయంగానే చూద్దాం. వియన్నీస్ వాల్ట్జ్ సంగీతం నిమిషానికి 58 నుంచి 60 బార్లు (బార్ అంటే తాళంలో ఒక ఆవర్తం), బార్‌కు మూడు బీట్లు. మధ్యస్థంగా 177 బీట్లు. జైవ్ 42 నుంచి 44 బార్లు, బార్‌కు నాలుగు. అది 172. సాంబా 50 నుంచి 52 బార్లు, రెండేసి బీట్లు, 102. రుంబా 25 నుంచి 27, నాలుగేసి, 104. జతకి జత వేగం ఇంచుమించు ఒకటే. ఫ్యూజన్ మాస్టారికి ఇంతకంటే ఏం కావాలి? జాతకాలు కలిశాయి, ఇక తాళి కట్టించడమే.

కాపురం ఎలా ఉంటుందో కూడా చూడండి. సాంబాలో మోకాళ్లు వంగుతూ సాగుతూ ఒంటిని ఆడిస్తూనే ఉండాలి. ‘ఒకటి-అ-రెండు’ అనే లెక్కలో మొదటి బీట్‌ని నాలుగు ముక్కలు చేస్తే మూడు మొదటి అడుగువి, మిగిలిన ఒక్కటీ ‘అ’ది. రుంబాలో బరువు పూర్తిగా కాలి మీదకి చేరేసరికి మోకాలు తిన్నగా ఉండాలి. అడుగులు 2, 3, 4 మీద పడతాయి. 1 మీద అడుగే లేదు, 4 మీద వేసిన కాలి మీదే నడుము నింపాదిగా సర్దుకోవాలి. రుంబా అందమంతా ఆ వేయని అడుగులోనే ఉంది. మన మాస్టారు సరిగ్గా అక్కడే సాంబా బౌన్స్ పెడతాడు. చూసేవాళ్లకి రుంబాకి ఎక్కిళ్లు వచ్చినట్టుంటుంది.

ఇక రెండు రుంబాలున్నాయని తెలిసినప్పుడు ఆయన ఆనందం చెప్పనలవి కాదు. అమెరికన్ రిథమ్ అనే శైలిలో రుంబా స్లో-క్విక్-క్విక్, వంచిన మోకాలి మీద అడుగు వేసి ఆ తర్వాత సాగదీస్తారు. ఇంటర్నేషనల్ శైలిలో వరుస వేరు, పైన చెప్పినట్టు. పేరు ఒకటే కదా అని ఒకే రొటీన్‌లో రెండూ కుక్కితే నడుము రెండు లెక్కల మధ్య ఇరుక్కుని చివరికి ఏ లెక్కకూ కదలదు.

ఈ ప్రతిభని పోటీకి ఎందుకు అనుమతించరని ఆయన తరచు బాధపడుతుంటాడు. అనుమతిద్దాం. క్విక్‌స్టెప్ ఫైనల్. ఫ్లోర్ మీద ఆరు జంటలు, నిమిషానికి రెండొందల బీట్లు, అందరూ అపసవ్య దిశలో గోడ వెంట దూసుకుపోతున్నారు. మన జంట కూడా నిజాయితీగానే మొదలెట్టింది, పొడుగు గోడ వెంట ఒక లాక్ స్టెప్ కూడా వేసింది. మూలకి రాగానే ఆయనలో కళ మేల్కొంది. హోల్డ్, అంటే అమ్మాయిని పట్టుకున్న పట్టు, వదిలాడు. కళ్లు మూశాడు. కుడి చెయ్యి పైకప్పు వైపు చాచాడు. రుంబా! వెనక వస్తున్న మొదటి జంట ముందడుగులో ఉంది కాబట్టి చూసి తప్పుకుంది. రెండో జంటలో అబ్బాయి వెనక్కి నడుస్తున్నాడు, అతనికి కనిపించేది తను దాటివచ్చిన గోడ మాత్రమే. మూడో జంట రెండో జంటని నమ్ముకుని వస్తోంది. ఈలోగా మన అమ్మాయి ఆయన కాలికి చుట్టుకుని విరహం అభినయిస్తోంది, ఆమె గౌను అంచు మీద ఎవరి మడమో దిగబడింది. ఆయన ఇంకా కళ్లు తెరవలేదు. తెరిస్తే ఎమోషన్ పోతుంది. గోడ పక్కన జడ్జిల పరిస్థితి మరీ దారుణం. డాన్స్ పోటీల్లో స్థానాలు లెక్కగట్టే స్కేటింగ్ సిస్టమ్‌లో ఫైనల్‌కి వచ్చిన ప్రతి జంటకీ ఒక స్థానం ఇచ్చి తీరాలి, ‘దయచేసి బయటికి నడవండి’ అనే అంకె అందులో లేదు. ఆరు అని వేసి పెన్ను మూస్తారు. ఆయన దాన్ని సంప్రదాయవాదుల కుట్ర అంటాడు.

కలపడమే పాపమని కాదు. అసలు పోటీల్లో ‘లాటిన్’ అనే పెట్టెలో స్పెయిన్ ఎద్దుల పోరు, ఫ్రాన్స్ మెరుగులు కలిసిన పాసో డోబ్లే ఉంది, నల్లజాతి అమెరికన్ల స్వింగ్ నుంచి పుట్టిన జైవ్ ఉంది. 1920, 1929ల్లో లండన్‌లో డాన్స్ టీచర్లు కూర్చుని అడుగులు కత్తిరించి ప్రామాణికం చేయబట్టే వాల్ట్జ్, టాంగో, క్విక్‌స్టెప్‌లుండే ‘స్టాండర్డ్’ అనే రెండో పెట్టెకి ఈ రూపం వచ్చింది. స్వచ్ఛత గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లు కాస్త గొంతు తగ్గించుకోవచ్చు. అమెరికన్ స్మూత్ అనే శైలి చూడండి, హోల్డ్ కట్టడం, వదలడం, మళ్లీ కట్టడం అందులో పెద్ద విద్య. వాల్ట్జ్‌లో 3 మీద పాదాలు కలిసి, ఒళ్లు కిందికి దిగి, ఆమె తన కాలి మీద తాను నిలబడిందని తెలిశాకే ఆమె భుజం ఎముక మీది కుడి చెయ్యి వదులుతారు. అప్పుడు ఆమె తెరుచుకుంటుంది. ముందే వదిలితే తూలుతుంది. వాల్ట్జ్ నుంచి రుంబాకి నిజంగానే వెళ్లాలంటే పన్నెండు బీట్లు లెక్కపెట్టుకోండి: నాలుగు వాల్ట్జ్ బార్లు, మూడు రుంబా బార్లు. వేగం తేడా సంగీతం సర్దిచ్చే వరకు ఆగండి. అంతే. కానీ ఆ పన్నెండూ లెక్కపెట్టే ఓపికే ఉంటే వాళ్లకి ఫ్యూజన్ అవసరమే ఉండేది కాదు.

ఇన్ని వెధవ పనులకీ నవ్వి ఊరుకోవచ్చు, ఒక్కదానికి తప్ప. డ్రాప్. రొటీన్ చివర చప్పట్ల కోసం అమ్మాయిని వెనక్కి పడేసినట్టు వంచడం. అది సరిగా చేస్తే ఆమె బరువు ఆమె కాలి మీదే ఉంటుంది, అబ్బాయి మోకాళ్లు వంచి తన నడుముని ఆమె నడుము కంటే కిందికి దించుతాడు, చెయ్యి ఆసరా మాత్రమే. వీళ్లు చేసేది ఏమిటి? వాల్ట్జ్ రైజ్‌లో, అంటే ఒళ్లు పైకి లేచినప్పుడు, మునివేళ్ల మీద ఉండగానే, తన బరువే తన కింద లేకుండా, చేత్తో ఆమెని లాగి వంచుతారు. మడమలెత్తి ఉన్న ఆమె కాలు నిలవదు. మొత్తం భారం ఆమె నడుము కింది వెన్నుపూసల మీద, మెడ మీద. పైకి నవ్వు అలాగే అతికించుకుని ఉండాలి. ఆమెకి నొప్పి, ఆయనకి చప్పట్లు! మామూలు స్టాండర్డ్, లాటిన్ రౌండ్లలో జోడీని నేల మీంచి ఎత్తే లిఫ్టులు నిషేధించింది ముసలివాళ్ల చాదస్తం అనుకుంటున్నారా? తన బరువు ఎక్కడుందో తనకే తెలియనివాడి చేతిలో ఇంకొకరి వెన్నెముక ఎందుకు పెట్టాలి? సిగ్గు లేదూ!

మాస్టారూ, ఫాక్స్‌ట్రాట్ అనే డాన్స్‌లోని ఒక ఫెదర్ స్టెప్, ఒక త్రీ స్టెప్. స్లో-క్విక్-క్విక్ రెండుసార్లు, మొత్తం ఆరడుగులు, ఏమీ కలపకుండా వేసి చూపించండి. ఆ ఆరడుగుల్లో ఆమె భుజాలు చెవుల దాకా లేచినా, ఎడమచేతి వేళ్లు మీ చేతిని గట్టిగా పట్టుకున్నా, ఆమె పడిపోకుండా మీ నుంచి తనని తాను కాపాడుకుంటోందని అర్థం. అప్పుడు డ్రాప్ మాట ఎత్తకండి.