పెనాంగ్‌లో పులుసు

ఆసియా దేశాలకు పోయినప్పుడు రేటింగులు కాదు, స్థానికులు బారులు తీరే బండి చూసి తినమని ఒక వ్యాసంలో చదివాను. నూటికి నూరుపాళ్లు నిజమండీ. మలేషియాలో పెనాంగ్ పోతే అసాం లక్సా (పుల్లటి చేపల పులుసు పోసిన నూడుల్స్) తప్పకుండా తినండి. కానాగంత చేపలు ఉడికించి, ముళ్లు తీసి, చింతపండు పులుసులో మెదిపేస్తారు. లావుపాటి బియ్యం నూడుల్స్ మీద ఆ పులుసు పోసి, పైన పుదీనా, దోసకాయ తరుగు, అనాస ముక్కలు, చెంచాడు నల్లటి రొయ్యల ముద్ద! మామిడికాయ వేసిన చేపల పులుసుతో పెరిగిన మా నెల్లూరోళ్లకి ఆ పులుపు ఇట్టే పట్టేస్తుంది. మనోళ్లు ప్యాకేజీ టూర్లలో అంత దూరం పోయి పప్పన్నం కోసం వెతుక్కుంటుంటే నాకు బాధేస్తుంది. అట్నే మా ఊరొచ్చేవాళ్లూ బిర్యానీతో సరిపెట్టుకోకుండా చేపల పులుసు అడగండి, ముందురోజు కాచిందైతే మరీ మంచిది.