డ్రాప్-ఇన్ అన్నారు, పడింది

చెప్పుకుంటే సిగ్గు, చెప్పుకోకపోతే కడుపుబ్బరం. నా పిస్టల్‌లోని ప్లగ్గు అనే చిన్న ఉక్కు ముక్క మా అమ్మ పెట్టిన ఆవకాయలో పడింది. పడి ఇంకా ఇరవైనాలుగు గంటలు కాలేదు.

ముందు తుపాకి సంగతి గబగబా చెప్పేస్తాను. ఉండేది డాలస్ దగ్గర. వీసా మీద ఉన్నన్నాళ్లూ ఇక్కడ తుపాకి కొనుక్కోవడం కుదరదు, వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఏదైనా ఉంటే తప్ప. గ్రీన్ కార్డు వచ్చేసరికి సగం జుట్టు పోయింది. మిగిలిన సగంతో వెళ్లి 1911 అనే పిస్టల్ ఒకటి కొనుక్కున్నాను. మన దేశంలో అయితే 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి రిపేరుకి కూడా విడిగా లైసెన్సు కావాలి. ఇక్కడ సొంత తుపాకిని సొంత గ్యారేజీలో సొంత చేతులతో పాడుచేసుకోవచ్చు.

1911 అంటే పుట్టిన ఏడాదే పేరు. డిజైను జాన్ బ్రౌనింగ్‌ది. ఆ ఏడాది మార్చి 29న అమెరికా సైన్యం తీసుకుంది, 1985లో బెరెట్టా కంపెనీ పిస్టల్ వచ్చేదాకా వాడింది. తీసుకునే ముందు పరీక్షల్లో దాంతో 6,000 రౌండ్లు కాల్చారు. చెయ్యి కాలేంత వేడెక్కితే నీళ్లలో ముంచి తీసి మళ్లీ కాల్చారు, ఒక్కసారి కూడా మొరాయించలేదు. గమనించండి, ముంచింది నీళ్లలో.

అంత మొండిగా పనిచేయడానికి కారణం దాని వదులే. బురద పడినా ఇసుక పడినా కదలాలని ప్రతి భాగానికీ కాస్త ఖాళీ వదిలారు. చిక్కల్లా ఏమిటంటే గురి చూసే సైట్లు స్లైడు మీద, అంటే పైన ముందుకీ వెనక్కీ జరిగే ఉక్కు తొడుగు మీద ఉంటాయి, గుండు బయటికొచ్చే బ్యారెలేమో వేరే ముక్క. కాల్చిన ప్రతిసారీ బ్యారెలు వెనక భాగం కిందికి దిగి, మళ్లీ లేచి, స్లైడులో తన చోట కూర్చోవాలి. రోజూ ఒకే చోట కూర్చుంటే గుండ్లన్నీ ఒక్కచోట పడతాయి. రోజుకో కుర్చీలో కూర్చుంటే పడవు. బ్యారెలు మూతి దగ్గర ఆ కుర్చీ పేరు బుషింగు, ఒక చిన్న ఉక్కు ఉంగరం. స్లైడుకీ, కింద పిడి ఉండే ఫ్రేముకీ మధ్య గలగలని తగ్గిస్తే చేతికి బాగుంటుంది. గురికి మాత్రం ముందు చూసుకోవాల్సింది బుషింగు, ఆ తర్వాత బ్యారెలు పైన స్లైడుకి తగులుకునే గట్లు, అంటే లగ్గులు, కింద దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే లింకు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే చేశాను.

కిట్టు కొన్నాను. పోటీల గురి కోసం బిగుతుగా చేసే మ్యాచ్ బుషింగు, స్లైడుని మళ్లీ ముందుకి తోసే రీకాయిల్ స్ప్రింగు, దాని గైడు, దాని చివర మూసే ప్లగ్గు, బుషింగు తిప్పే రెంచి. ప్యాకెట్టు మీద పెద్ద పసుపు అక్షరాల్లో 'డ్రాప్-ఇన్' అని ఉంది, అంటే అలా వదిలితే ఇలా కూర్చుంటుందని. వెనక వైపు, చీమకి కళ్లజోడు పెడితే గానీ చదవలేని అక్షరాల్లో, 'కొంత ఫిట్టింగ్ అవసరం కావచ్చు' అని కూడా ఉంది. నూటపదేళ్లకు పైగా ఎన్నో కంపెనీలు చేసిన తుపాకి ఇది. ఏ రెండు కంపెనీల స్లైడు రంధ్రాలూ వెయ్యోవంతు అంగుళం తేడా లేకుండా కలవవు. వాటన్నిటికీ అతికే ఒకే ఉంగరం అంటే, ఊళ్లో పెళ్లికూతుళ్లందరికీ ఒకే కొలత జాకెట్టు కుట్టినట్టు. ఆ మాట ముందు వైపే రాస్తే సొమ్మేం పోయింది?

సరే, బుషింగు కూర్చోలేదు. ఇక్కడ నేను చేసింది చదివేవాళ్లు చేయకండి. డిజిటల్ వెర్నియర్ తీసి బుషింగు లోపల కొలిచాను. 0.579 అంగుళాలు అంది. బ్యారెలు మూతి 0.580. అయితే లోపలే బిగుతు అనుకుని, కర్రపుల్లకి 400 నంబరు ఎమరీ పేపరు చుట్టి, వెర్నియర్ 0.581 అనేదాకా రుద్దాను. వెర్నియర్ లోపలి దవడల అంచులు కత్తిలా ఉండవు, సన్నగా చదునుగా ఉంటాయి. చిన్న గుండ్రటి రంధ్రంలో పెడితే అవి గోడ వంపుని పూర్తిగా తాకవు, ఎప్పుడూ ఒకటి రెండు మూడు వెయ్యోవంతులు తక్కువే చెబుతాయి. అలాంటి చోట వాడాల్సింది చిన్న రంధ్రాల గేజి, దాని మీద మైక్రోమీటరు. నేను రుద్దడం ఆపేసరికి అసలు కొలత 0.584. మ్యాచ్ బుషింగులో ఉండాల్సిన ఖాళీ ఒకటి, మహా అయితే ఒకటిన్నర వెయ్యోవంతు. నాకొచ్చింది నాలుగు.

ఇంతా చేస్తే బిగుతు ఉన్నది లోపల కాదు, బయట. స్లైడు రంధ్రం కంటే బుషింగు అర వెయ్యోవంతు లావు. బయటంతా మార్కరు పూసి ఒకసారి తోసి చూసుంటే, ఎక్కడ సిరా చెరిగిందో అక్కడే రాసుకుంటోందని పది సెకన్లలో తెలిసేది. మార్కరు టేబుల్ మీదే ఉంది. అమ్మ దాంతో జాడీల మీద తారీఖులు వేస్తోంది, అడగడం ఎందుకులే అనుకున్నాను.

రెంచితో బలవంతంగా తిప్పి ఎక్కించాను. నిన్న పొద్దున కాల్పుల రేంజికి వెళ్లి, ఇసుక సంచి మీద చేతులు ఆనించి 25 గజాల నుంచి 50 రౌండ్లు కాల్చాను. అంతకుముందు మూడు అంగుళాల్లో పడే గుండ్లు ఇప్పుడు నాలుగు అంగుళాల్లో పడ్డాయి. లెక్క సరిగ్గానే ఉంది. అయిదంగుళాల బ్యారెలు మూతి దగ్గర నాలుగు వెయ్యోవంతులు ఆడితే, 900 అంగుళాల అవతల అది ముప్పావు అంగుళం దాకా అవుతుంది. మిగతా పావు నా చేతిది.

ఇంటికొచ్చి విప్పుదామని కూర్చున్నాను. మ్యాగజీను తీసి, స్లైడు లాగి, ఛాంబరు ఖాళీగా ఉందని కంటితో చూసి, చిటికెనవేలు పెట్టి కూడా చూశాను. తూటాలు ఇంట్లో, తుపాకి గ్యారేజీలో. ఈ ఒక్క విషయంలో నన్ను ఎవరూ వేలెత్తి చూపలేరు.

గ్యారేజీ గురించి ఒక మాట. అమెరికాలో తెలుగువాళ్ల గ్యారేజీలో కారు ఉండదు, రెండో వంటిల్లు ఉంటుంది. పోపు వాసన ఇంట్లో పట్టకూడదని స్టవ్ అక్కడే. ఆర్నెల్లకని వచ్చిన అమ్మ, ఇండియన్ స్టోర్ మామిడికాయల్ని 'వీటికి పులుపేదిరా, పేరుకి కాయలు' అని తిడుతూనే ఆవకాయ పెట్టింది. నిన్న మూడో రోజు. మూడో రోజు తిరగ కలపాలి. కాబట్టి జాడీల్లోది మొత్తం పెద్ద స్టీలు బేసిన్‌లోకి తీసి, మూత లేకుండా, నా పనిబల్లకి ఆరడుగుల దూరంలో పెట్టి, ఇంకాస్త నువ్వుల నూనె తేవడానికి లోపలికి వెళ్లింది.

1911 విప్పడానికి మూతి దగ్గర బుషింగు కింద కనిపించే ప్లగ్గుని బొటనవేలితో లోపలికి నొక్కాలి. అది అంగుళం పైచిలుకు పొడవున్న ఉక్కు గొట్టం, ఒక పక్క మూసి ఉంటుంది, దర్జీవాళ్లు వేలికి తొడుక్కునే టోపీ లాంటిది. దాని వెనక రీకాయిల్ స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. మామూలు స్ప్రింగు 16 పౌండ్లు, అంటే స్లైడు పూర్తిగా వెనక్కి వెళ్లినప్పుడు ఏడుంపావు కిలోల బలం. ప్లగ్గుని నొక్కి పట్టి, మూతి వైపు నుంచి చూస్తూ బుషింగుని గడియారం ముల్లు తిరిగే దిక్కుకి పావు వంతు తిప్పాలి. అప్పుడు ప్లగ్గుకి అడ్డు తొలగుతుంది, బొటనవేలిని మెల్లగా వదలాలి. పాతకాలం ప్లగ్గులకి పక్కన చిన్న నొక్కు ఉండేది. స్ప్రింగు చివరి చుట్టు దానికి తగులుకుని, ప్లగ్గు చేజారినా ఎగిరిపోకుండా ఆపేది. నా కిట్టులో వచ్చిన ప్లగ్గు నున్నగా, అద్దంలా ఉంది. అందానికి.

బుషింగు వేళ్లతో తిరగలేదు. అసలే బిగుతు, దానికి తోడు యాభై రౌండ్ల మసి. రెంచి తగిలించి కుడిచేత్తో బలమంతా పెట్టాను. ఎడమ బొటనవేలికి గన్ ఆయిల్. ఇక్కడ శరీరశాస్త్రం ఒకటుంది, కుడిచేత్తో పళ్లు బిగించి తిప్పుతున్నప్పుడు ఎడమచెయ్యి కూడా తనకి తెలియకుండానే కాస్త కదులుతుంది. బుషింగు ఒక్కసారిగా కిర్రుమని తిరిగింది. వేలు జారింది.

ప్లగ్గు నా చెవి పక్కనుంచి వెళ్లింది. కళ్లకి పెట్టుకున్నవి భద్రత కళ్లద్దాలు కావు, చదువుకునే అద్దాలు. అది వేరే తిట్టు, మా ఆవిడ వేరేగా తిట్టింది. పైన గ్యారేజీ తలుపు మోటారు పట్టాకి ఠంగుమని తగిలింది. అక్కడి నుంచి నీళ్ల హీటరు. హీటరు డొక్కలో బోలుగా ఒక గంట మోగింది, గుళ్లో హారతి వేళ మోగినట్టు. ఆ తర్వాత నేల మీద పడ్డ చప్పుడు కోసం చెవులు రిక్కించాను. రాదే! ఈ పనిలో చెయ్యి తిరిగినవాళ్లకి తెలుసు, ఎగిరిన ముక్కని కళ్లతో కాదు, చెవులతో వెతకాలి. కాంక్రీటు మీద ఉక్కు పడితే ఎక్కడున్నా పలుకుతుంది. పలకలేదు. పలక్కపోగా, చాలా మెత్తగా, తృప్తిగా, 'బుళుక్' మని వినిపించింది.

బేసిన్‌లో ఎర్రటి నూనె మీద ఒక సుడి. సుడి మధ్యలోంచి ఒక బుడగ. అంతే. ఆ కిట్టు మొత్తంలో నిజంగా డ్రాప్-ఇన్ అయిన భాగం అదొక్కటే.

అమ్మ నూనె సీసాతో వచ్చింది. నా మొహం చూసి, బేసిన్ చూసి, "ఏం పడింది?" అంది. చెప్పాను. అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "తడి లేదుగా?"

"తడి లేదమ్మా, నూనే."

"నూనైతే ఏం కాదులే. గరిటె పెట్టి తీసెయ్."

అప్పుడు చెప్పక తప్పలేదు. మూతి దగ్గర పట్టే మసిలో సీసం ఉంటుంది. తూటా వెనకుండే ప్రైమరు మందులో సీసం, గుండులో సీసం. అది కంటికి కనపడదు, మామూలు సబ్బుకి సరిగా పోదు. అందుకే రేంజి నుంచి రాగానే చేతులు కడగనిదే ఏదీ తినకూడదంటారు. పైగా ఆవకాయలో ఉప్పూ పులుపూ రెండూ ఉన్నాయి. అవి ఉక్కుని తుప్పు పట్టిస్తాయి, సీసాన్ని తమలో కరిగించుకుంటాయి. ముక్కలు కడిగితే పోదు, పైపైన తీసేస్తే పోదు. మొత్తం పారేయాల్సిందే.

"మొత్తమా?"

"మొత్తం."

"నాలుగు జాడీలురా."

నేను మాట్లాడలేదు. కొలత కప్పు గానీ కాటా గానీ లేకుండా, చేత్తో ఎత్తి చూసి కారం, ఆవపిండి, ఉప్పు వేసే మనిషి. నలభై ఏళ్లలో ఒక్క జాడీ చెడగొట్టుకోలేదు. ఎదురుగా నేను, ఒక చేతిలో వెయ్యోవంతు అంగుళం దాకా చూపించే వెర్నియర్, ఇంకో చేతిలో చెత్త సంచి.

సాయంత్రం కంపెనీ చాట్‌లోకి వెళ్లాను. డ్రాప్-ఇన్ అన్నారు కదా అంటే, "స్పెసిఫికేషన్ ప్రకారం ఉన్న స్లైడులో డ్రాప్-ఇన్" అన్నాడు. వెనక్కి తీసుకుంటారా అంటే, ఆకురాయి గానీ ఎమరీ గానీ తగిలిన భాగం తీసుకోం అన్నాడు. మరి ప్లగ్గుకి ఏమీ తగల్లేదు కదా, దాన్నైనా తీసుకోండి అన్నాను. ఏ స్థితిలో ఉందని అడిగాడు. నిజమే చెప్పాను. చాట్ ముగిసింది, మీ అనుభవానికి అయిదులో ఎన్ని నక్షత్రాలు ఇస్తారంటూ ఒక పెట్టె వచ్చింది.

రాత్రి పాత బుషింగు, పాత స్ప్రింగు, పాత ప్లగ్గు పెట్టి మళ్లీ బిగించాను. చివరికి మిగిలేది స్లైడుని వెనక ఆపి పట్టే మీట, స్లైడ్ స్టాప్. దాని పిన్ను ఫ్రేములోంచి, బ్యారెలు లింకు రంధ్రంలోంచి అవతలికి పోవాలి, వెనక అంచు స్ప్రింగున్న చిన్న ప్లంజరుని తోసుకుని కూర్చోవాలి. స్లైడులోని అర్ధచంద్రపు గంటుకి ఎదురుగా తెచ్చి, ప్లంజరుకి కాస్త కిందగా నిటారుగా పట్టుకుని, సన్నటి స్క్రూడ్రైవరుతో ప్లంజరుని వెనక్కి నొక్కి, నేరుగా లోపలికి తోయాలి. కింద ఫ్రేము మీద ఒక టేపు ముక్క అంటించుకోవాలి. తొందరపడి కింది నుంచి పైకి గుండ్రంగా ఈడిస్తే, దాని మూల ఫ్రేము మీద విల్లు వంపులో ఒక గీత గీస్తుంది. ఆ గీతకి ఈ రంగంలో ఒక పేరే ఉంది, 'ఇడియట్ స్క్రాచ్'. తుపాకి చేతికి తీసుకున్న ఎవరైనా ముందు అక్కడే చూస్తారు. ఇన్నేళ్లలో నా దానికి లేదు.

టేపు కూడా అమ్మ దగ్గరే ఉంది, జాడీ మూతలకి. రాత్రి పదకొండున్నరకి, ఆ మొహం పెట్టుకుని వెళ్లి అడగలేక, ఈడ్చాను.

పొద్దున అమ్మ కాఫీ పట్టుకుని గ్యారేజీలోకి వచ్చింది. నిన్నటి నుంచి అదే మొదటిసారి. బల్ల మీదున్న దాన్ని కళ్లజోడు సవరించుకుని చూసి, "ఇక్కడ ఈ గీతేంట్రా? ఇదీ ఆ కంపెనీవాళ్లు చేసిందేనా?" అంది.

"అవునమ్మా" అన్నాను.